పొగ, పోగు

మన ఇళ్లలో మాంసాన్ని అంటిపెట్టుకుని రెండు మాటలున్నాయి. ఒకటి పొగ, రెండోది పోగు. పొయ్యి పైన దండేనికి వేలాడే ముక్కలకు పట్టేది పొగ. మేకను కోసిన రోజు మోదుగాకుల మీద ఇంటికింత అని వేసేది పోగు. పలికేటప్పుడు వీటి మధ్య తేడా ఒక దీర్ఘం, చివరి అచ్చు మాత్రమే. బతుకులో మాత్రం ఈ రెండూ ఒకే ప్రశ్నకు మన పెద్దలు చెప్పుకున్న జవాబులు. ఈ పూట తినగా మిగిలిన మాంసాన్ని ఏం చేయాలి అన్నదే ఆ ప్రశ్న.

ఇప్పుడు ఆ ప్రశ్న అడగాల్సిన అవసరమే తగ్గిపోతోంది. ఫ్రిజ్ వచ్చింది, గ్యాస్ వచ్చింది. ఇక గ్యాస్ గ్రిల్ కూడా వచ్చింది. పట్నంలో ఉద్యోగం చేసే మన పిల్లలు మేడ మీద గ్రిల్ పెట్టి, చెక్క పేళ్లు రాజేసి, కోడి తొడలకు పొగ పట్టిస్తున్నారు. అమెరికాలో తెలుగువాళ్ల పెరళ్లలో ఇది సెలవు రోజు వేడుక. ఆ వీడియోలు ఫోన్లలో తిరిగి తిరిగి జూలూరుపాడు మండలం గూడేల దాకా వస్తున్నాయి. గ్రిల్ కొనలేనివాళ్లు పాత మూకుడు అడుగున పుల్లలు వేసి, పైన జాలీ పెట్టి, మూత బోర్లించి అదే పని చేసి చూస్తున్నారు. "ఇది మన తాతల పనే కదా, గ్యాస్ మీద చేస్తే తప్పేంటి?" అని పిల్లలు అడుగుతున్నారు. "గ్యాస్ మీద పట్టేది కూడా పొగేనా?" అని ముసలివాళ్లు నవ్వుతున్నారు. ఈ ఇద్దరి మాటలకూ మధ్య ఆలోచించాల్సిన విషయం ఒకటి ఉందని మేము అనుకుంటున్నాం.

చూడని పిల్లలు చాలామంది ఉన్నారు కాబట్టి ముందు పాత పద్ధతి చెప్పుకుందాం. మాంసాన్ని సన్నగా, పొడుగ్గా కోస్తారు. ఉప్పు, పసుపు పట్టిస్తారు. దారానికో, సన్నని వెదురు పుల్లకో గుచ్చుతారు. ఎండ ఉంటే పగలు ఎండలో పెడతారు, రాత్రికి పొయ్యి పైకి చేరుస్తారు. ముసురు పట్టిన రోజుల్లో రాత్రీ పగలూ పొయ్యి పైనే ఉంటాయి. ఈ మాంసం కోసమని వేరే మంట వేసే పని లేదు. గంజి కాగేటప్పుడు, జావ ఉడికేటప్పుడు, పిల్లలకు నీళ్లు కాగేటప్పుడు లేచే పొగా సెగా చాలు. రోజులు గడిచేకొద్దీ ముక్కలు నల్లబడి, గట్టిపడి, పుల్లల్లా అవుతాయి. వాటిని కొందరు ఒరుగులు అంటారు, కొందరు తునకలు అంటారు. కుండలో పెట్టి అటక మీదికి ఎక్కిస్తారు. వాన తెరిపి లేకుండా కురిసి, అడవిలో కూరాకు కోసుకొచ్చే వీలు లేని రోజున, గుప్పెడు తునకలు నీళ్లలో నానబెట్టి, చింతపులుసులోనో పప్పులోనో వేస్తే ఇంటిల్లిపాదికీ కూర అవుతుంది.

ఇందులో ఉన్న శాస్త్రం బడిలో చెప్పదగ్గది. ఉప్పూ సెగా మాంసంలోని నీటిని లాగేస్తాయి. నీరు లేనిచోట కుళ్లబెట్టే సూక్ష్మజీవులు పెరగలేవు. పొగలో ఉండే ఫినాల్స్, ఫార్మాల్డిహైడ్, ఆమ్లాలు ముక్క పైపొరకు పట్టి సూక్ష్మజీవులను అడ్డుకుంటాయి, కొవ్వు తొందరగా చెడిపోకుండా చూస్తాయి. పొగ ఉన్నచోట ఈగ వాలదు. ఈ పేర్లేవీ తెలియకుండానే మన అవ్వలు ఈ పని చేశారు. ఏ కట్టె పెట్టాలో, ఏది పెట్టకూడదో కూడా వాళ్లకు తెలుసు. నల్లజీడి పాలు తగిలితే ఒళ్లు పొక్కుతుంది, దాని పొగ కూడా మంచిది కాదు. ముష్టి చెట్టు విషపుది. అడవిలో పుట్టి పెరిగినవాళ్లకు ఇది పుస్తకం అక్కర్లేని చదువు.

అయితే ఈ పద్ధతిని పొగుడుకుంటూ ఒక మనిషిని మర్చిపోతున్నాం. ఆ పొగ మాంసానికి పట్టడానికి ముందు పొయ్యి ఊదే ఆడమనిషి కళ్లకు పట్టింది. ఆమె చంకలో ఉన్న పసిబిడ్డ ఊపిరికి పట్టింది. కట్టెలు, పిడకలు, బొగ్గు లాంటివి ఇంట్లో కాల్చడం వల్ల వచ్చే పొగతో 2020లో ప్రపంచమంతా కలిపి సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క వేసింది. వారిలో అయిదేళ్ల లోపు పిల్లలే 2 లక్షల 37 వేల మందికి పైగా ఉన్నారు. ఊపిరితిత్తుల జబ్బులు, గుండెపోటు, పక్షవాతం, కంటి శుక్లాలు ఈ పొగతో ముడిపడి ఉన్నాయి. తునకల పులుసు రుచి ఇంటిల్లిపాదిదీ. దగ్గు మాత్రం ఒక్కరిది.

కాబట్టి మొదటి నీతి ప్రశ్న గ్యాస్ గురించి కాదు, పాత పొయ్యి గురించే అడగాలి. ఒకరి ఊపిరితో వచ్చిన రుచిని మనం సంస్కృతి అని పిలవవచ్చా? పిలవవచ్చు, ఎందుకంటే అది వాళ్ల తెలివితో, చేతి నేర్పుతో పుట్టింది. కానీ ఆ రుచి కోసం ఇప్పుడు ఎవరినైనా మళ్లీ పొగలో కూర్చోమనే హక్కు మనకు లేదు. రోడ్డు పక్క హోటళ్ల మీద "కట్టెల పొయ్యి వంట" అని బోర్డులు కడుతున్నారు. తినిపోయేవాడికి అది ముచ్చట. రోజంతా ఆ పొయ్యి ముందు నిలబడినవాళ్లను అడిగితే వేరే మాట చెబుతారు.

ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చింది. 2016 మే నెలలో కేంద్రం ఉజ్వల మొదలుపెట్టింది. 2024లో తెలంగాణలో 500 రూపాయల సిలిండర్ పథకం వచ్చింది. అయినా చాలా ఇళ్లలో టీకి, తొందర వంటకి గ్యాస్, అన్నానికీ నీళ్లకూ కట్టెలే. కట్టె అడవిలో దొరుకుతుంది, సిలిండర్‌కు రొక్కం కావాలి. పత్తి ఏరిన చేతికి, మిరప కోసిన చేతికి కూలి డబ్బు వచ్చిన వారమే సిలిండర్ వస్తుంది. గ్యాస్ గ్రిల్ మీద వేడుకగా పొగ పట్టించే మాట మాట్లాడేటప్పుడు, పక్క వీధిలో అక్కర కొద్దీ ఇంకా పొగ మింగుతున్న ఇల్లు ఉందని గుర్తుంచుకోవాలి.

ఇక గ్యాస్ గ్రిల్ ఎలా పనిచేస్తుందో చూద్దాం. గ్యాస్ మంటకు పొగ ఉండదు. పాత పొయ్యిలో అడగకుండా వచ్చిన పొగను ఇక్కడ మనమే తెచ్చుకోవాలి. గ్రిల్‌లో రెండు మూడు బర్నర్లు ఉంటాయి. ఒక పక్క బర్నర్ మాత్రమే వెలిగిస్తారు. దాని మీద చిల్లులున్న చిన్న ఇనుప పెట్టెలో ఎండు చెక్క పేళ్లు పెడతారు. అవి భగ్గున మండకూడదు, కుములుతూ ఉండాలి. మాంసం మంట లేని రెండో పక్క పెట్టి మూత వేస్తారు. లోపలి వేడి 110 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండేలా చూసుకుంటూ గంటల తరబడి ఉంచుతారు. కోడి మాంసమైతే ముక్క నడిమధ్యలో 74 డిగ్రీలు చేరాలి, అప్పుడే లోపల ఉడికినట్టు. ఇదంతా ఆరుబయట చేయాల్సిన పని. తలుపులు మూసిన గదిలో చేస్తే కార్బన్ మోనాక్సైడ్ చేరి ప్రాణం మీదికి వస్తుంది. మందు కొట్టిన పత్తి కట్టె, రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ ముక్కలు ఎప్పుడూ వాడకూడదు.

ఇక్కడ ఒక మంచి జరిగింది. పొగ వంట నుంచి విడిపోయింది. రోజూ రెండు పూటలా ఒకే మనిషి మింగాల్సిన పొగ, నెలకో రెండు నెలలకో ఒకసారి, వాకిట్లో, గాలి తగిలేచోట, ఇష్టపడిన మనిషి దగ్గర నిలబడి చూసుకునే పొగ అయింది. ఆ మనిషి మగవాడు కూడా కావచ్చు. మన ఇళ్లలో పొయ్యి ముందు కూర్చోని మగవాళ్లు గ్రిల్ ముందు మాత్రం నిలబడుతున్నారు. ఆ నిలబడటం గ్రిల్ దగ్గరే ఆగిపోకుండా, రోజూ వంట దాకా వస్తే ఇంకా మంచిది.

అయితే ఇంకో మార్పు కూడా జరిగింది. దాన్ని చాలామంది గమనించడం లేదు. గ్రిల్ మీద పొగ పట్టిన మాంసం నిలవ ఉండదు. అది ఉడికిన మాంసం. లోపల నీరు అలాగే ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టినా మూడు నాలుగు రోజుల్లో తినేయాలి. తునకల్లా అటక మీద నెలలు ఉంచుదామంటే కుళ్లుతుంది, తిన్నవాళ్లకు జబ్బు చేస్తుంది. అంటే పాత పొగ చేసిన పనీ కొత్త పొగ చేసే పనీ ఒకటి కాదు. పాత పొగ మాంసాన్ని రేపటి దాకా మోసేది. రుచి దారిలో దొరికిన లాభం. కొత్త పొగ రుచి ఒక్కటే ఇస్తుంది. రేపటి సంగతి ఫ్రిజ్ చూసుకుంటుంది, లేకపోతే కోడి కొట్టు చూసుకుంటుంది. "గ్యాస్ మీద పట్టేది కూడా పొగేనా?" అన్న ముసలివాళ్ల నవ్వులో ఉన్న అర్థం ఇదేనేమో.

ఇప్పుడు పోగు దగ్గరికి వద్దాం. మాంసాన్ని రేపటికి మోసే దారులు మన పెద్దలకు రెండే. ఒకటి పొగ. రెండోది పక్కింటివాళ్ల కడుపు. మేకను కోస్తే ఒక్క ఇల్లు తినలేదు. మిగిలింది ఎండబెట్టుకోవచ్చు, లేదా పోగులు వేసి పంచవచ్చు. ఈ రోజు మన మేకలో పోగు తీసుకున్న ఇల్లు రేపు పంది కోసిన నాడు మనకు పోగు పంపుతుంది. అది దానం కాదు, అప్పూ కాదు. రాసుకున్న లెక్క లేదు, అయినా అందరికీ గుర్తుంటుంది. పండుగ నాడు, విత్తనాల పండుగ నాడు, చావు దినం నాడు పోగులు వేసేటప్పుడు ఇళ్లు లెక్కపెడతారు, డబ్బులు లెక్కపెట్టరు. మగదిక్కు లేని ఇంటికీ పోగు పడుతుంది. ఆ ఇంటి నుంచి తిరిగి పోగు రాకపోయినా మళ్లీసారి పడుతుంది.

పోగును దేవుడిచ్చిన న్యాయంలా చూపించడం కూడా సరికాదు. అందులోనూ తప్పులున్నాయి. మంచి భాగం పెద్దమనుషుల వైపు జరిగేది. కోసి, కడిగి, వండిన ఆడవాళ్లు ఆఖర్న తినేవాళ్లు. తగాదా పడిన ఇంటి పోగు చిన్నదయ్యేది. కానీ పోగు ఆకుల మీద అందరి కళ్ల ముందు వేసేది. తక్కువైతే అడగవచ్చు, గొడవ పడవచ్చు. ఫ్రిజ్ తలుపు వెనక ఏముందో ఎవరికి కనిపిస్తుంది? ఎవరు అడుగుతారు?

"నా డబ్బుతో కొన్న కోడి, నా సిలిండర్, నా గ్రిల్. ఇందులో పోగు ఎక్కడిది?" అని ఒక యువకుడు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దీనికి మా జవాబు ఇది. అవసరం ఉన్నప్పుడు పంచడం గొప్ప కాదు. పంచకపోతే కుళ్లిపోతుంది కాబట్టి మన తాతలు పంచి ఉండవచ్చు. కుళ్లదని తెలిశాక కూడా పంచుతామా లేదా అన్నచోటే మన నీతి మొదలవుతుంది. అవసరం చేయించిన మంచిని అవసరం తీరాక కూడా చేస్తే, అది మనం ఎంచుకున్న మంచి అవుతుంది. మన తాతలు పంచినప్పుడు వాళ్లది మంచితనమా, అవసరమా అని తేల్చడం కష్టం. మన తరంలో తేల్చడం సులువు. ఫ్రిజ్ మనకు ఆ పరీక్ష పెట్టింది.

ఆ యువకుడికి ఇంకో మాట కూడా చెప్పాలి. కోడి నీది, గ్యాస్ నీది. ఏ కట్టె పొగ మంచిదో చెప్పిన తెలివి మాత్రం ఏ ఒక్కరిదీ కాదు. దాన్ని నువ్వు కొనలేదు. అది నీకు పోగుగానే వచ్చింది.

ఇలాంటి తెలివి మన చేయి దాటితే ఏమవుతుందో చూడటానికి ఒక దూరపు సంగతి చెప్పుకోవాలి. ప్రపంచమంతా ఇప్పుడు వాడే బార్బిక్యూ అన్న మాట అమెరికన్ కంపెనీలు పుట్టించింది కాదు. కరీబియన్ దీవుల్లో ఉండే తైనో అనే ఆదివాసులు కర్రలతో కట్టిన మంచెను బర్బకోవా అనేవారు. దాని మీద మాంసం, చేపలు పెట్టి కింద నిప్పు వేసి నెమ్మదిగా కాల్చేవారు, ఆరబెట్టేవారు. 1492లో కొలంబస్ ఓడలు అక్కడికి చేరాయి. కొద్ది దశాబ్దాల్లోనే రోగాలతో, వెట్టిచాకిరీతో, కత్తులతో ఆ జనంలో అత్యధికులు నేలరాలిపోయారు. మాట మాత్రం స్పానిష్ వాళ్ల నోట, ఆపైన ఇంగ్లిషు వాళ్ల నోట బతికింది. ఈ రోజు ఆ మాట మీద గ్రిల్లులు, సాస్ సీసాలు అమ్ముకునే పెద్ద వ్యాపారం నడుస్తోంది. తైనోల వారసులం మేము ఇంకా ఉన్నాం అని చెప్పుకునేవాళ్లు ఆ దీవుల్లో ఇప్పటికీ ఉన్నారు. ఆ వ్యాపారంలో వాళ్లకు వేసిన పోగు లేదు.

దగ్గరి సంగతి చెప్పాలంటే బొంగు చికెన్ ఉంది. పచ్చి వెదురు బొంగులో కోడి ముక్కలు కూరి, ఆకుతో మూతి మూసి, నిప్పుల మీద తిప్పుతూ కాల్చే వంట అది. మారేడుమిల్లి దారిలో, అరకు లోయలో ఆదివాసులు రోడ్డు పక్కన కాల్చి అమ్ముతారు. పర్యాటకులు ఆగి తింటారు. అది వాళ్ల చేతికి డబ్బు తెచ్చింది, సంతోషించాల్సిందే. అదే వంట ఇప్పుడు నగరాల హోటళ్ల పట్టికల్లో కూడా ఉంది. అక్కడ వండే మనిషి ఎవరో, లాభం ఎవరికి పోతుందో పట్టికలో ఉండదు. మన వంట అందరూ తినడంలో మాకు అభ్యంతరం లేదు. పక్క ఊరివాడు తింటే తరగని వంట పట్నంవాడు తింటే తరుగుతుందా? పేరు, పని, డబ్బు, ఈ మూడింట్లో మనకు ఏమి మిగిలిందన్నదే అడగాల్సింది. అందుకే మన పిల్లలు గ్రిల్ కొని నేర్చుకోవడం మేలు అంటాం. ఆ పనిలో మనం ఉండాలి.

అయితే గ్రిల్ మీద ఏ మాంసం అన్నది కూడా నీతి మాటే. పొగ పట్టిన మాంసం అనగానే కొందరు కుర్రాళ్లకు అడవి పంది, దుప్పి గుర్తుకొస్తాయి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వేటను నేరం చేసింది. మనకు పోడు భూముల పట్టాలు, అటవీ ఫలసాయం మీద హక్కులు ఇచ్చిన 2006 అటవీ హక్కుల చట్టం కూడా, సెక్షన్ 3(1)(ఎల్)లో, సంప్రదాయ హక్కులన్నీ గుర్తిస్తూ వేట హక్కును మాత్రం బయట పెట్టింది. ఇది మన బతుకులో ఒక భాగాన్ని కోసేసినట్టే ఉందని బాధపడే పెద్దలు ఉన్నారు. ఆ బాధ నిజం. కానీ జంతువులు తగ్గిపోయిన అడవిలో, ఆకలి కోసం కాక ఫోన్లో వీడియో కోసం ఒక దుప్పిని చంపితే అది తాతల వేట కాదు. తాతలు వేటకు పోయేది ఊరంతా కలిసి, రోజు చూసుకుని, తిరిగొచ్చి పోగులు వేయడానికి. పోగు లేని వేట మన సంప్రదాయం పేరు పెట్టుకోకూడదు. కోడి, మేక, పెంపుడు పంది, చెరువు చేప మన గ్రిల్‌కు చాలు.

ఉపాధ్యాయులు అడిగే ఆరోగ్యం మాట కూడా దాచకూడదు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ, ఉప్పు పట్టించి, పొగ పెట్టి, ఇతర పద్ధతుల్లో నిలవ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. రోజూ 50 గ్రాముల చొప్పున తింటే పెద్దపేగు క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు 18 శాతం పెరుగుతుందని చెప్పింది. ఇక్కడ గమనించాల్సిన మాట "రోజూ". మన పెద్దలు తునకలను రోజూ తినలేదు. అవి కరువు రోజుల కోసం, చుట్టం వచ్చిన రోజు కోసం. గ్రిల్ వచ్చాక, పొగ మాంసం డబ్బు పెడితే ఎప్పుడైనా దొరికేది అయ్యాక, ఎప్పుడు తినాలో ఎంత తినాలో చెప్పే వాన లేదు, కరువు లేదు. ఆ హద్దు కూడా మనమే గీసుకోవాలి. పోగు వేస్తే ఆ హద్దు దానంతట అదే పడుతుంది. నలుగురికి పంచితే ఒకరి పళ్లెంలో ఎక్కువ మిగలదు.

జూలూరుపాడు నుంచి కొత్తగూడెం, ఖమ్మం, హైదరాబాద్ దాకా వెళ్లి చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న పిల్లలకు మేము కోరేది చిన్నదే. గ్యాస్ వాడండి. మీ అమ్మ పొగలో కూర్చోకుండా చూసుకోవడమే ముందు చేయాల్సిన పని. ఇంట్లో సిలిండర్ అయిపోతే నింపించే బాధ్యత మీదిగా తీసుకోండి. గ్రిల్ మీద పొగ పట్టించాలనుకుంటే, ఏ కట్టె మంచిదో వీడియోను కాకుండా ఊళ్లో అవ్వను అడగండి, ఆమె చెప్పింది రాసిపెట్టండి. పట్నంలో గది పక్కన మన ఊరివాళ్లు ఎవరూ ఉండకపోవచ్చు. పక్క గదిలో ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చిన కూలి మనిషి ఉండవచ్చు. మోదుగాకు లేకపోతే ప్లేటులో పెట్టి ఇవ్వండి. పోగు పడటానికి కులం, తెగ, భాష ఒకటే కావాలన్న నియమం లేదు. ఒక గోడ పక్కన ఉంటే చాలు.

ఉపాధ్యాయులకు కూడా ఒక మాట. ఆశ్రమ పాఠశాలల్లో పిల్లలు ఇంటి పొయ్యికి దూరంగా పెరుగుతారు. సెలవులకు వెళ్లినప్పుడు వాళ్లకు మూడు ప్రశ్నలు ఇచ్చి పంపండి. మన ఇంట్లో మాంసం ఎలా నిలవ చేసేవారు? కోసిన రోజు ఎవరెవరికి పోగు వేసేవారు? పొయ్యి దగ్గర ఎవరు కూర్చునేవారు, వాళ్ల కళ్లూ ఊపిరీ ఇప్పుడెలా ఉన్నాయి? మొదటి ప్రశ్నకు వచ్చే జవాబులతో సైన్సు పాఠం చెప్పవచ్చు, రెండోదానితో సాంఘిక శాస్త్రం చెప్పవచ్చు. మూడో ప్రశ్నకు జవాబు తెచ్చిన పిల్లల్లో కొందరైనా, ఆ సెలవుల్లోనే వాళ్ల అమ్మమ్మనో నాయనమ్మనో కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమని ఇంట్లో అడుగుతారు.